లివర్ మార్చిన 7 నెలలకి బైల్ డక్ట్ (లివర్ నుంచి పైత్యరసం దిగే గొట్టం) సన్నబడిందంటున్నారు, లివర్ పోయినట్టేనా?

మీ ప్రశ్న మొత్తం చదివానండి. మిగతావాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. తెనాలి దగ్గర ఊరు, నాన్నగారికి 56 ఏళ్లు, 7 నెలల కింద హైదరాబాద్‌లో అక్కగారి లివర్లో కుడి భాగం తీసి పెట్టారు, బాగానే కోలుకుని పొలం దాకా నడిచి వస్తున్నారు. ఇప్పుడు రెండు వారాలుగా రాత్రుళ్లు ఒకటే దురద, యూరిన్ ముదురు రంగు. టెస్టుల్లో బిలిరుబిన్ (కామెర్లు చూపించేది) 2.8, బైల్ డక్ట్ వైపు ఎంజైములు ఏఎల్‌పీ 540, జీజీటీ 610, లివర్ కణాల ఎంజైమ్ ఎస్‌జీపీటీ 95. గుంటూరులో స్కానింగ్ తీయిస్తే నార్మల్ అన్నారు, హైదరాబాద్ టీమేమో ఎంఆర్‌సీపీ (బైల్ డక్ట్‌లని చూపించే ఎంఆర్‌ఐ స్కాన్) తీయించుకుని రండి, ఈఆర్‌సీపీ (నోట్లోంచి స్కోప్ దింపి చేసేది) చేసి స్టెంట్ (దారి తెరిచి ఉంచే సన్న గొట్టం) వెయ్యాల్సి రావచ్చు అంది. ఇంట్లో ఒకళ్లు లివర్ ఫెయిలైందని ఏడుస్తున్నారు, పెదనాన్నగారు పసరు మందు తాగిద్దాం అంటున్నారు. మీరడిగింది లివర్ పోయినట్టేనా, విజయవాడలోనే చేయించొచ్చా, స్టెంట్ ఎన్నిసార్లు మార్చాలి, ఒకేసారి మెటల్ స్టెంట్ వేయించేస్తే పోదా అని. మే నెలలో చెల్లి పెళ్లి కూడా ఉందన్నారు.

నేను విజయవాడలో గ్యాస్ట్రో డాక్టర్ని. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో లివర్ మార్పించుకుని ఇటు కృష్ణా, గుంటూరు, పల్నాడు వైపు వచ్చేసిన వాళ్లు ఫాలోఅప్‌కి నా దగ్గరికి చాలామందే వస్తారు, కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలుసు. నాన్నగార్ని చూడకుండా ఫైనల్‌గా ఏదీ చెప్పలేను గానీ మీరిచ్చిన నంబర్లు చూస్తే మాత్రం లివర్ పోయినట్టు కాదు. లివర్ పనిచేస్తోంది, అది తయారు చేసిన బైల్ కిందికి దిగే దారి ఇరుకైంది, ఎక్కువ అనుమానం అదే.

ఎందుకలా అంటున్నానంటే ఏఎల్‌పీ, జీజీటీ అన్నేసి రెట్లు పెరిగి ఎస్‌జీపీటీ కొంచెమే పెరిగితే మామూలుగా గొడవ బైల్ డక్ట్ వైపు ఉన్నట్టు. రిజెక్షన్‌లో, అంటే ఒళ్లు కొత్త లివర్‌ని పరాయిదనుకుని దెబ్బకొడితే, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ కణాల ఎంజైములు బాగా ఎగబాకుతాయి అంటారు, కానీ అన్నిసార్లూ అలా పుస్తకంలో ఉన్నట్టు జరగదు, రిజెక్షన్ కూడా ఒక్కోసారి అచ్చం ఇలాంటి నంబర్లతోనే కనపడుద్ది, అందుకే ఎంఆర్‌సీపీలో ఏమీ దొరక్కపోతే బయాప్సీ (లివర్లో చిన్న ముక్క తీసి పరీక్ష) అంటారు, అప్పుడు కంగారు పడకండి. నంబర్లు చూసి ఇదే అని ఇంట్లో కూర్చుని తేల్చేసి, ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్ మాత్ర) డోసు పెంచుకోవడం లాంటివి మాత్రం చెయ్యొద్దు. అలా చేసుకుని వచ్చినవాళ్లున్నారు.

ఇక స్కానింగ్ నార్మల్ సంగతి. ఇది చాలామందిని మోసం చేస్తుంది. మామూలు మనిషికి డక్ట్ మూసుకుపోతే దాని పైన నాళాలు ఉబ్బుతాయి, అల్ట్రాసౌండ్‌లో ఇట్టే కనపడతాయి. మార్పిడి చేసిన లివర్లో అవి అంత తేలిగ్గా ఉబ్బవు, లోపల ఇరుకు బాగా ఉన్నా సరే స్కాన్ శుభ్రంగా కనిపించొచ్చు. నొప్పీ ఉండకపోవచ్చు, కొత్త లివర్‌కి నరాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి. అందుకని ‘నొప్పి లేదు, స్కాన్ బాగుంది, నాలుగు రోజులు ఆగి చూద్దాం’ అనే లెక్క వీళ్లకి పనికిరాదు. మీ స్కానింగ్ రిపోర్ట్ తీసి ఇంకోసారి చూడండి, అందులో డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేసినట్టు, హెపాటిక్ ఆర్టరీలో (లివర్‌కి రక్తం తెచ్చే ధమనిలో) ఫ్లో బాగున్నట్టు రాసి ఉందా? లేకపోతే అది సగం స్కానే. నాకైతే బైల్ డక్ట్ కంటే ముందు ఆ ఆర్టరీ గురించే భయం.

కారణం చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి. లివర్‌కి రక్తం రెండు వైపుల నుంచి వస్తుంది, ముప్పాతిక వంతు పోర్టల్ వెయిన్ నుంచి, మిగతాది హెపాటిక్ ఆర్టరీ నుంచి. బైల్ డక్ట్‌లకి మాత్రం దాదాపుగా ఆర్టరీ ఒక్కటే ఆధారం. మార్పిడిలో డక్ట్‌ని కోసి నాన్నగారి డక్ట్‌కి కుట్టారు కదా, ఆ కోసిన చివర మన కాలవ కింద ఆఖరి ఎకరం లాంటిది, పైన బ్యారేజీలో నీళ్లు నిండుగా ఉన్నా ఆ చివరికి చేరేసరికి అంతంతమాత్రమే. రక్తం తగ్గితే అక్కడ మచ్చ కడుతుంది, మచ్చ మెల్లగా బిగుసుకుంటుంది, దారి సన్నబడుతుంది. ఇదంతా జరగడానికి నెలలు పడుతుంది, అందుకే ఆపరేషన్ అయిన ఏడాది లోపు, ముఖ్యంగా సగం ఏడాది దాటే టైంలో ఇది ఎక్కువగా బయటపడుతుంది. మీ 7 నెలలు సరిగ్గా ఆ లెక్కలోకే వచ్చింది.

పైగా మీది బతికున్న దాత లివర్. మన దేశంలో ఎక్కువ మార్పిడులు అలాంటివే. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి పూర్తి లివర్ వచ్చినప్పుడు మెయిన్ డక్ట్ లావుగా ఉంటుంది, కుట్టడం కాస్త సులువు. కుడి భాగం తీసినప్పుడు చేతికొచ్చే డక్ట్ చాలాసార్లు 3, 4 మిల్లీమీటర్లే, ఒక్కోసారి ఒకటి కాకుండా రెండు వస్తాయి, వాటిని వెంట్రుక మందం దారంతో భూతద్దాలు పెట్టుకుని ఒక్కొక్క కుట్టూ వేస్తారు. అందుకే పూర్తి లివర్ పెట్టినవాళ్లలో నూటికి 10, 15 మందికి ఇలాంటి డక్ట్ సమస్యలొస్తే బతికున్న దాత కేసుల్లో 15 నుంచి 30 దాకా వస్తాయి, పెద్ద పెద్ద సెంటర్లలో కూడా. కాబట్టి సర్జన్ సరిగ్గా కుట్టలేదు, మమ్మల్ని ముంచేశారు అనే మాట ఇంట్లో ఎవరన్నా అంటుంటే ఆపించండి. 1963లో అమెరికాలో థామస్ స్టార్జల్ అనే సర్జన్ మొదటి లివర్ మార్పిడి చేసినప్పటి నుంచీ ఈ కుట్టు దగ్గర గొడవ ఉంది, ఇంకా పూర్తిగా పోలేదు.

డక్ట్ సమస్య అంటే ఒకటి కాదు. మొదటి నెలలోపైతే ఎక్కువగా లీక్, కుట్టు దగ్గరో లేదా కోసిన లివర్ అంచు నుంచో బైల్ కారడం. మీరు ఆ దశ దాటేశారు. తర్వాత వచ్చేవి సన్నబడటాలు, ఇందులో రెండు రకాలు, ఎంఆర్‌సీపీ రిపోర్ట్‌లో మీరు వెతకాల్సింది ఇదే. కుట్టు వేసిన చోట మాత్రమే ఒక చిన్న ముక్క సన్నబడితే దాన్ని అనాస్టమోటిక్ స్ట్రిక్చర్ అంటారు, ఇది మంచి కబురే అనుకోండి, స్టెంట్లతో ఎక్కువమందికి సర్దుకుంటుంది. అలా కాకుండా లివర్ లోపల చాలా చోట్ల, కుట్టుకి దూరంగా సన్నబడితే అది నాన్ అనాస్టమోటిక్. దాని వెనక తరచుగా ఆర్టరీ మూసుకుపోయి ఉండటమో, బ్లడ్ గ్రూప్ కలవని దాత అవ్వడమో, అలాంటి కారణం ఉంటుంది. అది మొండిది, స్టెంట్ల వల్ల కొంత కాలం గడుస్తుంది గానీ కొంతమందికి మళ్లీ మార్పిడి దాకా వెళ్తుంది. రిపోర్ట్ రాకముందే దీని గురించి భయపడొద్దు, కానీ మీకు తెలిసి ఉండాలి కాబట్టి రాశా.

ఇప్పుడు ఈఆర్‌సీపీ. కోత ఉండదు. మత్తు ఇచ్చి నోట్లోంచి స్కోప్ దింపి చిన్న పేగులో బైల్ డక్ట్ తెరుచుకునే చోటికి వెళ్తాం, అక్కడి నుంచి సన్నటి వైర్‌ని డక్ట్‌లోకి పైకి పంపుతాం, రంగు మందు వేసి ఎక్స్‌రే స్క్రీన్ మీద చూస్తాం. బతికున్న దాత కేసుల్లో అసలు కష్టం ఆ వైర్ దగ్గరే. కొత్త లివర్ కుడివైపు పెరిగేకొద్దీ డక్ట్ మెలిక తిరుగుతుంది, కుట్టు దగ్గర పిన్ను మొనంత దారి ఉంటుంది, అదీ సూటిగా ఉండదు. వైర్ అక్కడ వంగిపోతుంది, వెనక్కి లాగి తిప్పి మళ్లీ, ఒక్కోసారి అరగంట ఆ ఒక్క చోటే. వైర్ దాటిందంటే సగం పని అయినట్టే. తర్వాత బెలూన్ ఎక్కించి ఉబ్బిస్తాం, స్క్రీన్ మీద బెలూన్ నడుం దగ్గర నొక్కేసినట్టు కనపడుద్ది, ప్రెషర్ పెంచుతుంటే ఆ నొక్కు మెల్లగా విచ్చుకుంటుంది, అప్పుడు పైనుంచి ఆగిపోయిన నల్లటి చిక్కటి బైల్ ఒక్కసారిగా పేగులోకి దిగుద్ది. స్కోప్‌లో అది చూస్తే మా టెక్నీషియన్‌ కూడా ఊపిరి పీల్చుకుంటాడు. తర్వాత ఒకటో రెండో ప్లాస్టిక్ స్టెంట్లు పెట్టి బయటికొస్తాం.

ఒక్కసారి బెలూన్ పెడితే చాలు కదా స్టెంట్ ఎందుకు అంటారు. చాలదు. మచ్చ మళ్లీ బిగుసుకుంటుంది, స్టెంట్ లోపల ఉండి దాన్ని నెలల తరబడి తెరిచి ఉంచాలి. ప్లాస్టిక్ స్టెంట్ మూడు నెలలకి అటూఇటూగా మడ్డి పట్టి మూసుకుపోతుంది, కాబట్టి ఆ లోపే తీసి కొత్తవి వెయ్యాలి, వేసేటప్పుడు వీలైతే ఒకటి ఎక్కువ పక్కన చేర్చి దారి ఇంకొంచెం వెడల్పు చేస్తాం. ఇలా దాదాపు ఏడాది. అంటే మీ ప్రశ్నకి సమాధానం సుమారు నాలుగైదు సార్లు. తీసేశాక కూడా కొంతమందికి తిరగబెడుతుంది, అప్పుడు మళ్లీ ఇదే పని.

నేను ఇంత సేపు రాసింది నిజానికి ఇక్కడికి రావడానికే. మా దగ్గరికి సీరియస్‌గా వచ్చేవాళ్లలో చాలామందికి మొదటి ఈఆర్‌సీపీ బ్రహ్మాండంగా అయి ఉంటుంది. వారంలో కామెర్లు దిగిపోతాయి, దురద పోద్ది, అన్నం సయిస్తుంది, మనిషి మామూలైపోతాడు. మూడు నెలలకి రమ్మన్న చీటీ ఫైల్‌లో ఉంటుంది. అప్పుడు నాట్లో, కోతలో, మిర్చి యార్డుకి సరుకు తోలడమో వస్తుంది, బాగానే ఉన్నాడుగా మళ్లీ హైదరాబాద్ ఖర్చు ఎందుకు, వచ్చే నెల వెళ్దాం అనుకుంటారు. అలా నాలుగైదు నెలలు దాటాక ఒక రాత్రి గజగజ వణుకుతూ జ్వరంతో వస్తారు. అప్పుడు స్టెంట్ బయటికి లాగితే దాని లోపలి బోరు మొత్తం గోధుమరంగు మడ్డితో గట్టిగా పూడిపోయి ఉంటుంది, చీము వాసన, పైన ఆగిన బైల్ అంతా ఇన్ఫెక్షన్. మామూలు మనిషికే అది ప్రమాదం, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లకి ఒక్క రోజులో బీపీ పడిపోయి ఐసీయూకి వెళ్లిపోయే పరిస్థితి. కాబట్టి మనిషి బాగున్నాడు అనేది స్టెంట్ బాగుందనడానికి గుర్తు కాదు. స్టెంట్ వేసిన రోజే మార్చాల్సిన తేదీ గోడ మీద క్యాలెండర్లో పెద్దక్షరాలతో రాయండి, ఇంట్లో ముగ్గురి ఫోన్లలో అలారం పెట్టండి. ఏ రకం స్టెంట్, ఎన్ని, ఎప్పుడు వేశారు అన్నది డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటుంది, ఫోటో తీసి నాన్నగారి ఫోన్లోనే ఉంచండి, రేపు మీరు ఊళ్లో లేనప్పుడు ఎవరు తీసుకెళ్లినా పనికొస్తుంది.

మెటల్ స్టెంట్ అడిగారు. పూర్తిగా పైన కవర్ ఉన్న మెటల్ స్టెంట్లు ఉన్నాయి, ఎక్కువ వెడల్పుగా తెరుచుకుంటాయి, నెలల తరబడి ఉంచొచ్చు కాబట్టి ఈఆర్‌సీపీలు తగ్గుతాయి. పూర్తి లివర్ పెట్టినవాళ్లకి అది మంచి దారే. కానీ నాన్నగారిలా కుడి భాగం పెట్టినప్పుడు కుట్టు లివర్‌కి బాగా దగ్గర్లో ఉంటుంది, అక్కడ కవర్ ఉన్న స్టెంట్ వేస్తే పక్క కొమ్మ డక్ట్‌ని అది మూసేసే ప్రమాదం ఉంది, జారిపోవడం కూడా ఉంది. ఎంఆర్‌సీపీ బొమ్మ చూశాకే ఆ నిర్ణయం. డబ్బులు పెడతాం మెటలే వెయ్యండి అని పట్టుబట్టకండి, అలాగని కవర్ లేని మెటల్ స్టెంట్ ఎవరైనా వేస్తామంటే ఎందుకో గట్టిగా అడగండి, అది కణజాలంలోకి దిగిపోతుంది, తర్వాత తియ్యడం నరకం.

ఒకవేళ వైర్ దాటకపోతే? లేదా మొదట్లోనే డక్ట్‌ని పేగు ముక్కకి కుట్టి ఉంటే? ఆపరేషన్ నోట్స్‌లో రూ ఎన్ వై (Roux-en-Y) అని ఉందేమో చూడండి, ఉంటే మామూలు స్కోప్ అక్కడికి చేరడమే కష్టం. అప్పుడు రేడియాలజీ వాళ్లు పక్కటెముకల మధ్య నుంచి సన్నటి సూదితో లివర్లోకి వెళ్లి ట్యూబ్ వేస్తారు, పీటీబీడీ అంటారు. కొన్నాళ్లు బయటికి బ్యాగ్ వేలాడుతుంది, మనకి చూడ్డానికి బాధగా ఉంటుంది గానీ మనిషిని కాపాడుతుంది. ట్యూబ్ దగ్గర కుట్టు ఊడిందా, బ్యాగ్‌లో రోజుకి ఎంత వస్తోంది, రంగు మారిందా అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఉన్నట్టుండి ఏమీ రాకపోతే ట్యూబ్ మూసుకున్నట్టో జారినట్టో, వెంటనే ఫోన్ చెయ్యాలి. ఏ దారీ కుదరని కొద్దిమందికి మళ్లీ ఆపరేషన్ చేసి డక్ట్‌ని పేగుకి కుడతారు.

విజయవాడలో చేయించొచ్చా అంటే, ఇక్కడ ఈఆర్‌సీపీ బాగా చేసేవాళ్లు లేక కాదు, సూర్యారావుపేటలో స్కోప్ పట్టిన వాళ్లకి కొదవే లేదు. కానీ రాళ్లు తియ్యడం వేరు, మార్పిడి చేసిన డక్ట్‌లో మెలిక దాటించడం వేరు. నా అభిప్రాయం, మొదటిసారి మాత్రం మార్పిడి చేసిన సెంటర్‌కే వెళ్లండి. డక్ట్‌లు ఎన్ని, ఎలా కుట్టారు అన్నది వాళ్ల దగ్గర ఉంది, ఫెయిలైతే పీటీబీడీ అదే రోజు అదే బిల్డింగులో అవుద్ది, సర్జన్ పక్క గదిలో ఉంటాడు. ఒకసారి దారి పడ్డాక మధ్యలో మార్చేవి ఇక్కడ చేయించుకోవచ్చా అని వాళ్లనే అడగండి, కొన్ని సెంటర్లు ఒప్పుకుంటాయి. ఇక్కడ ఒక డాక్టర్‌ని మాత్రం ఇప్పుడే పట్టుకుని పెట్టుకోండి, ఫైల్ కాపీ ఇచ్చి, హైదరాబాద్ కోఆర్డినేటర్ నంబర్ ఇచ్చి. ఎందుకంటే జ్వరం వచ్చే రాత్రి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూసే టైం ఉండదు. 100 దాటి జ్వరం, చలి వణుకు, కామెర్లు పెరగడం, మనిషి మందకొడిగా మాట్లాడటం, వీటిల్లో ఏదొచ్చినా సరే ముందు దగ్గర్లో ఐసీయూ ఉన్న హాస్పిటల్, బ్లడ్ కల్చర్ తీసి యాంటీబయోటిక్ మొదలుపెట్టించాలి, ఆ తర్వాత ఎక్కడికి మార్చాలో రెండు టీములూ మాట్లాడుకుంటాయి. డోలో వేసి తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. స్టెరాయిడ్ వాడేవాళ్లకి జ్వరం పెద్దగా రాదు కూడా, 99.5 ఉండి వణుకు వచ్చినా నాకు అది జ్వరమే.

పెదనాన్నగారి పసరు. పెద్దాయన ప్రేమతోనే చెప్తున్నారు, మన వైపు కామెర్లంటే ముందు గుర్తొచ్చేది అదే. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు వాటంతటవే తగ్గిపోతాయి, పేరు పసరుకొస్తుంది. ఇక్కడ దారి అడ్డం పడింది, ఏ ఆకూ ఆ మచ్చని విప్పలేదు. పైగా టాక్రోలిమస్ (రిజెక్షన్ రాకుండా ఇమ్యూనిటీ తగ్గించే మందు) వాడే మనిషికి ఆకు మందులు కలిస్తే రక్తంలో దాని లెవెల్ ఎటు పోద్దో ఎవరికీ తెలియదు, కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి. పంపర పనసకాయ కూడా వద్దు, లెవెల్ పెంచుద్ది. మెడికల్ షాపులో అడిగి వేసుకునే ఫ్లూకోనజోల్, క్లారిత్రోమైసిన్ లాంటివీ పెంచుతాయి. దురదకి ఇంకో విషయం, బైల్ ఆగినప్పుడు వచ్చే దురదకి రిఫాంపిసిన్ అనే మందు కొందరు రాస్తారు, మామూలు పేషెంట్‌కి తప్పు కాదు, కానీ అది టాక్రోలిమస్ లెవెల్‌ని పడేస్తుంది, దాంతో రిజెక్షన్ రావచ్చు. లివర్ మార్చారు అని ప్రతి డాక్టర్‌కీ, చివరికి పళ్ల డాక్టర్‌కి కూడా, మొదటి వాక్యంలోనే చెప్పండి. ఇప్పుడు ఎలాగూ టాక్రోలిమస్ లెవెల్ చూపించాలి, బైల్ ఆగితే అదీ పెరగొచ్చు. పొద్దున మాత్ర వేసుకోకముందు రక్తం ఇచ్చి తర్వాత వేసుకోవాలి, వేసుకున్నాక ఇస్తే ఆ నంబర్‌కి అర్థం లేదు.

ఈఆర్‌సీపీకి వెళ్లేముందు ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్రలు) వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు, కొంతమందికి అది ఆర్టరీ కోసమే ఇస్తారు. చేశాక కడుపులో నొప్పి వీపులోకి పాకితే పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ గ్రంథి వాపు) కావచ్చు, ఈఆర్‌సీపీ చేసిన వాళ్లలో కొద్దిమందికి వస్తుంది, ఎక్కువగా మొదటి రోజే తెలుస్తుంది. అదే రోజు రాత్రి కారేసుకుని బయల్దేరకుండా అక్కడే ఉండండి.

ఖర్చు గురించి అడగలేదు గానీ చెప్తా, ఎన్టీఆర్ వైద్యసేవలో మీ కార్డుకి ఏది వర్తిస్తుందో హాస్పిటల్లో వైద్యమిత్ర డెస్క్ దగ్గర అడ్మిషన్‌కి ముందే అడగండి, అయ్యాక అడిగితే లాభం లేదు. ఏడాదికి నాలుగైదు సార్లు అని ఇప్పుడే లెక్కేసుకుని డబ్బు సర్దుకుంటే మధ్యలో ఆగిపోరు.

అక్కగారు ఎలా ఉన్నారో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. దాతకి కూడా లీక్ లాంటివి రావచ్చు, ఎక్కువగా మొదటి వారాల్లోనే. 7 నెలలకి బాగుంటే బాగున్నట్టే గానీ ఆవిడ ఎల్‌ఎఫ్‌టీ (లివర్ రక్త పరీక్ష), ఒక స్కానింగ్ కూడా ఈ ట్రిప్పులోనే చేయించేయండి.

పెళ్లి సంగతి. ఈ వారంలో ఎంఆర్‌సీపీ, వెంటనే ఈఆర్‌సీపీ చేయించుకుంటే మూడు నెలల తేదీ సరిగ్గా పెళ్లి హడావుడిలో పడుతుందేమో లెక్క చూసుకోండి. పడితే స్టెంట్ మార్పుని పెళ్లి తర్వాతకి జరపకండి, రెండు వారాలు ముందుకి తెచ్చుకోండి, ముందు మారిస్తే ఏ నష్టమూ లేదు. పెళ్లిలో ఆయన కూర్చోవచ్చు, కన్యాదానం చెయ్యొచ్చు, ఎండకి మధ్యాహ్నం ఏసీ గదిలో పడుకోబెట్టండి, వేడివేడిగా వడ్డించింది తినొచ్చు, బయట అమ్మే చెరుకు రసం, ఐసు, కోసిపెట్టిన పళ్లు వద్దు. ఎంఆర్‌సీపీ రిపోర్ట్, డాప్లర్ వచ్చాక పేరు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.